ఊరుగాని ఊరిలో వై-ఫై : రెండు హెచ్చరికల విమర్శ

జూలై, ఆగస్టు మాసములలో అర్ధరాత్రి దాటిన పిమ్మట శంషాబాదు విమానాశ్రయమున కానవచ్చు దృశ్యము తెలుగువారికి క్రొత్త కాదు. అమెరికాకో ఇంగ్లండుకో పైచదువులకు పోవు పిల్లవాడొకడు, వానిని సాగనంపవచ్చిన పదిమంది, ఆవకాయ సీసాల బరువు తూచి తూచి సర్దిన రెండు పెట్టెలు. భుజమున వ్రేలాడు సంచిలో లాప్‌టాప్. విశ్వవిద్యాలయము పంపిన పత్రములు, బ్యాంకు ఋణపు కాగితములు, పాస్‌పోర్టు నకళ్ళు, తండ్రి ఖాతా వివరములు అన్నియు అందులోనే ఉండును. దోహాలోనో దుబాయిలోనో విమానము మారుటకు నాలుగైదు గంటలు వేచియుండవలెను. క్షేమముగా దిగినామని ఇంటికి కబురు చేయవలెను. చేతనున్న సిమ్ము అక్కడ పనిచేయదు. ఎదుట గోడమీద మాత్రము ఉచిత వై-ఫై అని పెద్ద అక్షరములతో బోర్డు ఉన్నది. దానిని తాకవచ్చునా, తాకరాదా?

ఈ ప్రశ్నకు అమెరికా ప్రభుత్వమునకే చెందిన రెండు సంస్థలు రెండు జవాబులు చెప్పినవి. ఆ దేశపు జాతీయ భద్రతా సంస్థయగు ఎన్.ఎస్.ఎ. 2021 జూలైలో బహిరంగ స్థలములలో తీగలేని పరికరముల రక్షణను గూర్చి ఒక కరపత్రము ప్రకటించినది. సాధ్యమైనంతవరకు ఉచిత వై-ఫై జోలికి పోవద్దనియు, సొంత ఫోను నుండి హాట్‌స్పాటు పెట్టుకొమ్మనియు, తప్పనిసరియైనచో వి.పి.ఎన్. అను మార్గము ద్వారానే పొమ్మనియు అందులోని సారాంశము. వినియోగదారుల రక్షణ చూచు ఫెడరల్ ట్రేడ్ కమిషను 2023లో వెలువరించిన సలహా ఇందుకు ఇంచుమించు ఎదురు. వెనుకటి కాలమున ఉచిత వై-ఫై ప్రమాదకరమే; ఇప్పుడు సామాన్యముగా భయములేదు, వాడుకొనవచ్చును అని కమిషను అభిప్రాయము. రెండును బాధ్యతగల సంస్థలే. రెండును శాస్త్రము తెలిసినవారు వ్రాసినవే. ఐనను మన పత్రికలలోను, ప్రయాణమునకు ముందు పిల్లలకు పంచిపెట్టు సూచనల కాగితములలోను మొదటిదాని ఛాయలే ఎక్కువగా కానవచ్చును. రెండవదాని మాట వినబడదు. భయపెట్టు సలహాకు ఉన్న చలామణి ధైర్యము చెప్పు సలహాకు లేదు కాబోలు.

మొదటి కరపత్రమును నిందించుటకు ముందు అది ఎవరికొరకు వ్రాయబడినదో చూడవలెను. రక్షణశాఖ ఉద్యోగులు, సైన్యమునకు ఆయుధములు తయారుచేయు కంపెనీల సిబ్బంది, ప్రభుత్వ రహస్యములు గల యంత్రములతో ఇంటినుండి పనిచేయువారు దాని పాఠకులు. అట్టివారి వెనుక పరాయి ప్రభుత్వమే గూఢచారులను నియోగింపవచ్చును. అట్టివారికి బ్లూటూతు కూడ ఆపుమని చెప్పుట అతిజాగ్రత్త కాదు. ఫైళ్ళను పంచుకొను సౌకర్యమును క్రొత్తచోట మూసివేయుమన్న సూచన అందరికిని మంచిదే. కరపత్రమున దోషము లేదు. ఒకనికి వ్రాసియిచ్చిన మందుచీటీని వీధిలోని వారందరును నకలు తీసికొని వాడుటలో దోషమున్నది.

ఐతే పాతభయము వట్టిది కాదు. దాని చరిత్ర తెలిసికొన్నగాని క్రొత్తధైర్యమునకు ఆధారమేమో తెలియదు. వై-ఫై అనగా రేడియో. కాఫీహోటలులో కూర్చున్న ఒకని లాప్‌టాప్ రౌటరుతో మాటలాడునప్పుడు ఆ తరంగములు రౌటరువైపు మాత్రమే తిన్నగా పోవు, నలుదిక్కులకు వ్యాపించును. ప్రక్కబల్లయొద్ద కూర్చున్నవాని యంత్రము వానిని వినగలదు. 2010 అక్టోబరులో అమెరికాలోని శాన్‌డియేగో నగరమున జరిగిన ఒక సమావేశములో ఎరిక్ బట్లర్ అను ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అను చిన్న సాధనమును ప్రదర్శించినాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు దానిని తగిలించి మీట నొక్కిన చాలును. అదే వై-ఫైలో ఉన్న తక్కినవారి ఫేస్‌బుక్ మొదలగు ఖాతాలు వారి పేరులతో, ఫొటోలతో వరుసగా తెరపై కనబడెడివి. పేరుమీద నొక్కినచో ఆ ఖాతాలోనికే పోవచ్చును. పాస్‌వర్డుతో పని లేదు.

ఇదెట్లు సాధ్యమైనదనగా, ఆ రోజులలో పెక్కు సైట్లు పాస్‌వర్డు అడుగు పేజీని మాత్రమే గూఢలిపిలో ఉంచి, తరువాత అంతయు బాహాటముగా పంపుచుండెడివి. లోనికి వచ్చినవానిని గుర్తించుటకు సైటు ఒక కుకీని, అనగా చిన్న చీటీని ఇచ్చును. గుడివద్ద చెప్పులు విడిచినచోట ఇచ్చు టోకెను వంటిదది. టోకెను ఎవరు తెచ్చిన వారికే చెప్పులు. నీవెవరవని అడుగువారు లేరు. ఆ టోకెను నెంబరు గాలిలో బహిరంగముగా పోవుచుండగా ప్రక్కవాడు చదివికొనుట కష్టమా? ఈ లోపము పండితులకు అంతకు ముందే తెలియును. బట్లర్ చేసినదెల్ల దానిని పామరులు కూడ వాడగలిగినట్లు చేయుట. సైట్లవారిని సిగ్గుపరచి దారికి తెచ్చుటయే తన ఉద్దేశమని ఆయన దాచలేదు. ఆ ఉద్దేశము నెరవేరినదనియే చెప్పవలెను. ఫేస్‌బుక్ 2011 జనవరిలో గూఢలిపిని కోరినవారికి ఇచ్చి, 2013లో అందరికిని వర్తింపజేసినది. జీమెయిల్ 2010 జనవరి నుండియే ఆ పద్ధతిలో ఉన్నది.

తరువాతి మార్పు మరింత విస్తృతమైనది. సైటు తన గుర్తింపును నిరూపించుకొనుటకు సర్టిఫికెట్టు కావలెను. దానికి వెనుక సొమ్ము చెల్లింపవలసియుండెను. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ వానిని ఉచితముగా ఎల్లరకు ఇచ్చుట ప్రారంభించినది. దానితో చిన్న బడిపంతులు నడుపు సైటుకు కూడ బ్యాంకు సైటుకున్నంత గట్టి కవరు లభించినది. అంతకు ముందే, 2012లో, మరియొక నియమము ఏర్పడినది. ఈ సైటును గూఢలిపి లేకుండ ఎన్నడును తెరువవద్దు అని సైటే బ్రౌజరుకు ఆజ్ఞాపించు పద్ధతి అది. 2009లో మార్లిన్‌స్పైక్ అను పరిశోధకుడు నడుమనున్నవాడు గూఢలిపిని మెల్లగా ఊడబెరికి, పాఠకునికి తెలియకుండ బాహాటపు పేజీని చూపవచ్చునని నిరూపించినందువలన ఆ నియమము అవసరమైనది. నేడు క్రోమ్ బ్రౌజరులో తెరచు పేజీలలో నూటికి తొంభైకి పైగా గూఢలిపిలోనే వచ్చుచున్నవని గూగుల్ ప్రకటించు లెక్కలు చెప్పుచున్నవి. కార్డుముక్కల తపాలా పోయి అంటించిన కవర్ల తపాలా వచ్చినది.

కవరు అంటించినను పైనున్న చిరునామా కనబడును గదా. అట్లే ఉచిత వై-ఫై నడుపువాడు ఏ పేజీ చదివినారో, ఏమి వ్రాసినారో తెలిసికొనలేకపోయినను, ఏ సైటుకు పోయినారో పెక్కుసార్లు తెలిసికొనగలడు. ఫలానా బ్యాంకు, ఫలానా ఆసుపత్రి అను పేరులు వానికి తెలియవచ్చును. ఇది స్వల్పవిషయము కాదు. ఐనను సొమ్ము పోవుట వేరు, ఏ బ్యాంకుతో లావాదేవీయో పరునికి తెలియుట వేరు. వై-ఫైకి పాస్‌వర్డు ఉన్నది గనుక క్షేమమే అను భ్రమ ఒకటి ఇంకను ప్రచారములో ఉన్నది. హోటలు గోడమీద వ్రాసిన పాస్‌వర్డు ఎల్లరకును తెలిసినదే. డబ్ల్యు.పి.ఎ.2 పద్ధతిలో ఆ పాస్‌వర్డు ఎరిగినవాడు, పొరుగువాని యంత్రము రౌటరుతో చేయు మొదటి కరచాలనమును వినగలిగినచో, వాని రేడియో సంభాషణను విప్పగలడు. 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 ఈ లోపమును తీర్చినది. కాని పాత రౌటర్లు నేటికిని కోకొల్లలు. కాబట్టి నిజమైన రక్షణ వై-ఫైది కాదు. సైటుకు, బ్రౌజరుకు నడుమనున్న గూఢలిపిదే. ట్రేడ్ కమిషను తన సలహాను ఈ పునాదిమీదనే కట్టినది. పునాది గట్టిదే.

కమిషను పత్రమున లోపములు లేకపోలేదు. బ్రౌజరులో తాళపుకప్ప గుర్తును చూచుకొమ్మని అది చెప్పినది. అదే సంవత్సరము సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళపుకప్పను తీసివేసి రెండు గీతల బొమ్మను పెట్టినది. కారణము ఆలోచింపదగినది. తాళపుకప్ప కనబడినచో సైటు నమ్మదగినదని జనులు తలచుచున్నారు; కవరు అంటించియున్నదనుటకే అది గుర్తు, లోపలి ఉత్తరము వ్రాసినవాడు పెద్దమనిషి యనుటకు కాదు. మోసగాండ్రు కూడ గూఢలిపి వాడగలరని కమిషను హెచ్చరించినమాట నిజమే. కాని ఆ హెచ్చరిక ఒక్క వాక్యముతో ముగిసిపోయినది. నేటి ప్రమాదమంతయు ఆ వాక్యమునందే ఉన్నది.

ఆస్ట్రేలియాలో జరిగిన ఒక కేసు ఇందుకు మంచి నిదర్శనము. 2024 ఏప్రిలులో ఒక స్వదేశీ విమానములో అనుమానాస్పదమైన వై-ఫై కనబడుచున్నదని విమాన సిబ్బంది గమనించినారు. ఆ దేశపు ఫెడరల్ పోలీసులు పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన ఒకనిని పట్టుకొన్నారు. వాని చేతిసంచిలో అరచేతిలో పట్టునంతటి వై-ఫై పరికరము, ఒక లాప్‌టాప్, ఒక ఫోను దొరకినవి. పెర్తు, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయములలోను, విమానములలోను వాడు అసలు వై-ఫై పేరునే పెట్టి దొంగ వై-ఫై నడపినాడని అభియోగము. నేరము ఋజువై 2025లో జైలుశిక్ష పడినది.

ఈ కవలల మోసమును కొంచెము నిదానముగా పరిశీలింపవలెను. వై-ఫైకి పేరు పెట్టుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. విమానాశ్రయపు పేరు ఎవడైనను పెట్టుకొనవచ్చును. ఫోన్లు, లాప్‌టాపులు తాము వెనుక ఎరిగిన పేరులను తామే కేక వేసి పిలుచుచుండును. ఆ కేక విని, నేనే అది అని బదులిచ్చు పరికరములు బజారులో దొరకును. అంతవరకు యంత్రముల విషయము. తరువాత ఆ ఆస్ట్రేలియావాడు చేసినదేమి? గూఢలిపిని పగులగొట్టలేదు. గాలిలో పోవు ఉత్తరములను చదువలేదు. వై-ఫై కావలెనన్న మీ ఈమెయిలుతోనో, ఫేస్‌బుక్ వంటి ఖాతాతోనో ప్రవేశింపుడు అని ఒక పేజీ చూపినాడు. ప్రయాణికులు తమ చేతులతో తామే పాస్‌వర్డు వ్రాసియిచ్చినారు. అడిగి పుచ్చుకొన్నవానిని ఆపుటకు కవరు ఎంత గట్టిదైన ఏమి ప్రయోజనము?

అంతకు పది సంవత్సరములకు ముందు, 2014 నవంబరులో, కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టిన డార్క్‌హోటల్ వ్యవహారము కూడ ఈ కోవలోనిదే. ఆసియాలోని ఖరీదైన హోటళ్ళలో దిగు వ్యాపార ప్రముఖులను కొందరు గూఢచారులు ఏళ్ళతరబడి వేటాడినారు. అతిథి గదిలో చేరి, ఇంటిపేరు, గదినెంబరు వ్రాసి హోటలు వై-ఫైలో ప్రవేశింపగనే, అడోబ్ ఫ్లాష్‌కో గూగుల్ టూల్‌బారుకో క్రొత్త కూర్పు వచ్చినదనియు, దింపుకొమ్మనియు తెరమీద ఒక సూచన కనబడెడిది. దింపుకొన్నది క్రొత్త కూర్పు కాదు, గూఢచారి ప్రోగ్రాము. ఇక్కడ కూడ అతిథి చేతిమీదుగానే పని జరిగినది. ఊరు వదలుటకు ముందే కూర్పులన్నియు సరిచూచుకొని, ప్రయాణములో ఎదురైన పేజీ ఏదియు దింపుకొమ్మన్నను దింపుకొనకుండుట అను చిన్న నియమము ఈ మోసమునకు విరుగుడు. ఆ నియమమును నేర్పుటకు వి.పి.ఎన్. అమ్మువారికి ఆసక్తి లేకపోవుట సహజము.

వి.పి.ఎన్. మాట వచ్చినది గనుక దానిని గూర్చి నిర్మొగమాటముగా చెప్పవలెను. లాప్‌టాప్ నుండి దూరముననున్న ఒక కంపెనీ యంత్రమువరకు గూఢలిపితో ఒక సొరంగము త్రవ్వుటయే దాని పని. కాఫీహోటలువాడు చూడగలిగిన చిరునామాలను వాడిక చూడలేడు. వానికి బదులు వి.పి.ఎన్. కంపెనీ చూడగలదు. నమ్మకము మాయమగుట లేదు, చేతులు మారుచున్నది. ఉచితముగా వి.పి.ఎన్. ఇచ్చు కంపెనీకి ఖర్చులెక్కడినుండి వచ్చుచున్నవో అడుగువారు తక్కువ. ఉద్యోగి తన సంస్థ లోపలి యంత్రములను చేరుటకు సంస్థ ఇచ్చిన వి.పి.ఎన్. వాడుట వేరు సంగతి. అది అవసరము, న్యాయము. ఎన్.ఎస్.ఎ. పాఠకులకు అట్టిదే ఉండును. నెలకింత అని చందా కట్టి తెచ్చుకొన్నదానికి ఆ గౌరవము అంటగట్టుటయే పొరపాటు.

ఇందులో సాంకేతికమైన చిక్కు మరియొకటి ఉన్నది. విమానాశ్రయములలో, హోటళ్ళలో వై-ఫై మొదట ఒక ద్వారపు పేజీ చూపి, షరతులకు ఒప్పుకొన్న పిమ్మటనే లోనికి పోనిచ్చును. మన రైల్వేస్టేషనులలో ఫోను నెంబరిచ్చి ఓ.టి.పి. వ్రాసినవారికి ఇది పరిచితమే. ఆ ద్వారము దాటువరకు సొరంగము తెరచుకొనదు. అనగా మోసము జరుగుటకు మిక్కిలి అనువైన ఆ రెండు నిమిషములలో వి.పి.ఎన్. నిద్రపోవుచుండును. ఆస్ట్రేలియా మోసము జరిగినది సరిగా ఆ గుమ్మములోనే.

సొరంగము తెరచుకొన్న తరువాతనైన సంపూర్ణ రక్షణ కలదా అనగా, 2024 మే నెలలో టన్నెల్‌విజన్ అను పేరుతో ఇద్దరు పరిశోధకులు దానిని కూడ ప్రశ్నించినారు. లాప్‌టాప్ ఏ వై-ఫైలో చేరినను, నీ నెంబరిది, నీ దారి ఇది అని ఆ వై-ఫై దానికి చెప్పవలెను. దారులను చెప్పుటకు 2002లో ఏర్పరచిన ఒక వెసులుబాటు ఉన్నది. దాని సంఖ్య 121. దానిని దుర్వినియోగము చేసి, సొరంగపు దారికంటె నిర్దిష్టమైన దారిని వై-ఫై యజమాని సూచించినచో లాప్‌టాప్ ఆ దారినే ఎన్నుకొనును. సామాను బయటిబాటన పోవుచుండగా వి.పి.ఎన్. బొమ్మ మాత్రము అంతయు క్షేమమని పచ్చగా వెలుగుచుండును. ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ వెసులుబాటును పాటింపవు గనుక వానికి ఈ చిక్కు లేదు. దుష్టుడైన వై-ఫై యజమాని నుండి కాపాడుటకే కొన్న కవచమును ఆ యజమానియే తొలగింపగలుగుట విచిత్రము కాదా? అప్పుడు కూడ ఉత్తరమును కాపాడునది సైటు అంటించిన కవరే.

దేశదేశముల చట్టములు మరియొక సంగతి. ఎమిరేట్స్‌లో నేరము చేయుటకో, నేరమును దాచుటకో వి.పి.ఎన్. వంటి ఉపాయముతో నెంబరు మార్చుకొన్నచో 5 లక్షల నుండి 20 లక్షల దిర్హాముల వరకు జుల్మానా ఉన్నది. చైనాలో ప్రభుత్వపు అనుమతిలేని వి.పి.ఎన్.లు నిషిద్ధము. ఎక్కడికి పోయినను వి.పి.ఎన్. వాడుడు అని ఒక్క వాక్యముతో సలహా ముగించువారు గల్ఫు దేశములలో వేలకొలది తెలుగువారు పనిచేయుచున్నారను మాటను మరచినట్లున్నది.

ఇక రెండు పత్రములును దాదాపు తాకని విషయములు. దూరదేశమున లాప్‌టాప్ పోవుటకు గాలిలో దొంగలు అక్కరలేదు. రైలులో సంచి మార్చువాడు చాలును. విండోస్‌లోని బిట్‌లాకర్, ఆపిల్ యంత్రములలోని ఫైల్‌వాల్ట్ వంటి సౌకర్యముతో డిస్కునంతటిని గూఢలిపిలో ఉంచినచో దొంగకు దక్కునది ఇనుము, ప్లాస్టిక్కు మాత్రమే. ఉంచనిచో డిస్కు ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించి పాస్‌పోర్టు నకలు మొదలు అన్నియు చదువవచ్చును. ఐతే ఆ గూఢలిపికి తిరుగు తాళపుచెవి యొకటి ఉండును, దానిని అదే సంచిలో కాగితముమీద వ్రాసిపెట్టుకొనువారు లేకపోలేదు.

పాస్‌వర్డు పోయినను రెండవ గడప ఉండవలెనని అందరును చెప్పుచున్నారు. ఆ రెండవ గడప ఏది అనుటలోనే మెలకువ ఉన్నది. ఎస్.ఎం.ఎస్. మీద వచ్చు ఓ.టి.పి.ని దొంగపేజీ కూడ అడిగి, ఆ క్షణముననే అసలు సైటులో వాడుకొనగలదు. ఇటీవల వాడుకలోనికి వచ్చిన పాస్‌కీ అట్లు కాదు. అది సైటు పేరుతో ముడివడియుండును. పేరులో ఒక్క అక్షరము మారినను యంత్రమే ఇవ్వనని నిరాకరించును. మనిషి కన్ను మోసపోయినను తాళము మోసపోదు. విమానాశ్రయపు దొంగపేజీకి ఇంతకంటె సూటియైన విరుగుడు ఇంకొకటి కానరాదు. ఐనను వి.పి.ఎన్. కొనుడని చెప్పు నోళ్ళు వంద యున్నచోట పాస్‌కీ పెట్టుకొనుడని చెప్పు నోరు ఒకటైనను ఉన్నదా అని సందేహము.

మన బ్యాంకులు నేటికిని చాలవరకు ఎస్.ఎం.ఎస్. ఓ.టి.పి. మీదనే నడచుచున్నవి. పరదేశము చేరినవాడు అక్కడి సిమ్ము వేసికొని, మన సిమ్మును పర్సులో ఒక మూలకు నెట్టును. రోమింగు లేనిచో ఓ.టి.పి. రాదు, ఋణపు కిస్తీ కట్టవలసిననాడు గాని ఆ సంగతి తెలియదు. అంతటితో పోదు. 90 రోజులు ఏ వాడకయు లేని ప్రీపెయిడు సిమ్మును కంపెనీ రద్దుచేయవచ్చును. బ్యాలెన్సు 20 రూపాయలున్నచో దానిని పుచ్చుకొని 30 రోజుల గడువు పెంచవలెనని టెలికాం నియంత్రణ సంస్థ నియమము. బ్యాలెన్సు నిండుకొన్న పిమ్మట ఆ నెంబరు కొంతకాలమునకు వేరొకరికి పోవును. వాని ఈమెయిలుకు, బ్యాంకుకు, పాస్‌వర్డు మరచినపుడు తిరిగి పొందుటకు ఇచ్చిన నెంబరు అదే. ఖాతా తాళపుచెవి ఏ విజయనగరములోనో, ఏ నల్లగొండలోనో క్రొత్తగా సిమ్ము కొన్న ఒక అపరిచితుని జేబులోనికి చట్టబద్ధముగా చేరును. ఆ అపరిచితుడు వై-ఫైలో పొంచియున్న దొంగ కాడు. తన ఫోనుకు ఎవరివో ఓ.టి.పి.లు ఎందుకు వచ్చుచున్నవో వానికి కూడ తెలియదు.